తిరుగుదారి తిమ్మారెడ్డి

మా నల్లగుండ్ల పోలీసు పటేలు తిమ్మారెడ్డి ఎక్కడికి బయల్దేరినా ముందు తిరిగి రావడానికి ఏర్పాటు చేసుకునేవాడు. పోవడం సంగతి ఆ తర్వాత. ఒక్కోసారి పోవడం కుదిరేది కాదు. అయినా ఆయనకు ఏ బాధా ఉండేది కాదు, రావడం ఖాయమైంది కదా.

నేను ఆ ఊరి పట్వారీని. భూముల రాతకోతలు నావి, మనుషుల తగవులు ఆయనవి. పదహారేళ్లు ఒకే చావడిలో ఒకే చాప మీద కూర్చున్నాం. ఆ చాపలో కూడా ఆయనది గుమ్మం వైపు కొస. లేచి పోవాలంటే సులువని.

ఒకసారి వనపర్తికి ఆయన మేనకోడలి పెళ్లికి పోయాం. బండి దిగీ దిగకముందే ఎడ్లను మా ఊరి వైపు తిప్పి నిలబెట్టించాడు. కాడి విప్పనివ్వలేదు. పెళ్లికూతురు ఇంకా పీటల మీదికి రాలేదు, ఈయన పురోహితుడి పక్కన చేరాడు.

"అయ్యా, ఇదంత ఎప్పటికి అయిపోతది?"

"ఇంకా మొదలే కాలేదు కదా పటేలా!"

"మొదలు సంగతి నాకెందుకయ్యా, ఆఖరు జెప్పు."

రైలు దగ్గర ఇంకో తమాషా. గద్వాల స్టేషనులో నిలబడి, కర్నూలు నుంచి గద్వాలకు ఒక టికెట్టు ఇమ్మన్నాడు. టికెట్ల బాబు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"గద్వాలలనే ఉన్నవు గద పెద్దమనిషీ!"

"ఇప్పుడున్న. రేపుండను గద, అందుకే అడుగుతున్న."

చివరికి పోయేదానికీ వచ్చేదానికీ కలిపి కొనిపించి రైలెక్కించాను. ఎక్కాక ఇంజను వైపు వీపు పెట్టి కూర్చున్నాడు, ఊరు ఎంతసేపు కనిపిస్తే అంతసేపు చూడొచ్చని.

ఆయన భార్య జోగులమ్మ దగ్గర ఇంతకన్నా పాత కథలున్నాయి. "పెండ్లయిన కొత్తల మా పుట్టింటికి వచ్చిండు పంతులూ. కాళ్లకు నీళ్లిచ్చిన. కడుక్కోకుండ చెంబు చేతిల పట్టుకొని, రేపు ఎన్ని గంటలకు బయలెల్లాలె అన్నడు. మా నాయన ఆయనను ఎన్నడూ అల్లుడనలేదు. పోయేటాయన అన్నడు."

ఇట్లాంటి మనిషి చేతికి మలయా పోయేవాళ్ల కాగితం వచ్చింది.

పంతొమ్మిది వందల ముప్పై ఏడులో మాకు వానలు ముఖం చాటేశాయి. ఆ ఏడు చివర కర్నూలు వైపు నుంచి యోహాను అనే కంగాణి వచ్చాడు. మలయా రబ్బరు తోటల్లో పదేళ్లు పనిచేసి, కూలీలను వెంటబెట్టుకుపోవడానికి తోటవాళ్ల దగ్గర అనుమతి కాగితం తెచ్చుకున్న మనిషి. అబద్ధాలాడే రకం కాదు. బర్మాలోని రంగం పోతే ఓడ ఖర్చు ఎవరిది వాళ్లదేననీ, సింహళంలో చాయ్ తోటలు దగ్గరే గాని చలి ఎక్కువనీ, మలయాకైతే ఓడ ఉచితమనీ, తోటలో ఇల్లూ దవాఖానా ఉంటాయనీ ఉన్నదున్నట్టు చెప్పాడు. మా ఊళ్లో ఈరన్న, అతని భార్య సత్తెమ్మ మలయాకే పోతామని పేర్లిచ్చారు. వాళ్లకున్నదల్లా మూడెకరాల రాళ్ల చెలక.

పేర్లిస్తే సరిపోదు. పోయేవాళ్లు ఇష్టపడే పోతున్నారనీ, తనకేమీ అభ్యంతరం లేదనీ ఊరి పెద్ద సంతకం చేయాలి. శుక్రవారం రైలు. సోమవారం కాగితం తిమ్మారెడ్డి ముందు పెట్టారు.

"ఓడ యాడ ఎక్కుతరు?" అన్నాడు పటేలు.

"మద్రాసులో, పటేలా."

"ఎటు మొకం బెట్టి నిలవడ్తది?"

యోహానుకు ఈయన సంగతి తెలియదు పాపం. "సముద్రం వైపు," అన్నాడు.

"జూస్తివా పంతులూ! జర మన దిక్కు తిప్పి నిలబెట్టుమను."

"అది ఓడప్పా, ఎడ్లబండి కాదు!" అన్నాడు కంగాణి.

"బండినే తిప్పుతం. అంత పెద్ద ఓడను తిప్పనీకి ఏం రోగం?"

యోహాను నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"సరే, పోయినోల్లు ఎట్ల వస్తరు?"

"ఏడాది లోపల జబ్బు చేస్తే తోటవాళ్ల ఖర్చుతోనే పంపుతారు. కాగితంలో ఉంది."

చదవమంటే చదివి వినిపించాను. నిజమే, ఉంది. పటేలు కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"జబ్బు గాకుండ, ఊరి మీద మనసు పుడితే?"

"దానికి కాగితం లేదు పటేలా."

"అయితే రాయించుకరా," అని కాగితం తిరిగిచ్చేశాడు.

మంగళవారం అదే తంతు. బుధవారం అదే. యోహాను గడ్డం పెరిగింది, మాట తగ్గింది. గురువారం సత్తెమ్మే చావడికి వచ్చి కొంగు బిగించి నిలబడింది.

"పటేలా, ఇంట్ల జొన్నలు అయిపోయి ఎనిమిది దినాలయింది. అంబలి గూడ నీళ్లోలె అయింది. వచ్చేది అటెన్క జూస్తం. ముందు మమ్ముల పోనియ్యి. రేపు రైలు దప్పితే మల్ల మాకు దారి లేదు."

పటేలు ఆమె ముఖం చూడలేక గోడ వైపు తిరిగాడు.

"మీ చెలక సంగతేంది?"

"ఏముంది, పడావు పడ్తది," అన్నాడు వెనక నుంచి ఈరన్న.

"నాకిడిసిపెట్టుండ్రి. నేను దున్నుకుంట. గట్లయితేనే సంతకం."

మా సంస్థానంలో దున్నకుండా పడావు పడ్డ భూమి మీద పట్టా ఎక్కువకాలం నిలిచేది కాదు. ఇంకొకడు దున్ని, పట్వారీ పుస్తకంలో సాగు చేసేవాడిగా రెండు మూడేళ్లు వాడి పేరే పడిందంటే, భూమి మెల్లగా వాడిదైపోయేది. ఆ సంగతి అందరికన్నా నాకు బాగా తెలుసు, ఆ పుస్తకం నాదే. ఈరన్నకూ తెలుసు. అయినా ఏం చేస్తాడు? తలూపాడు. పటేలు సంతకం గీకేశాడు.

ఇక ఊరు ఊరుకుంటుందా? "నాలుగు దినాలు ఓడ జూపియ్యి, దారి జూపియ్యి అన్నడు. ఆఖరుకు చెలక జూపిచ్చినంక కలం పట్టిండు," అని గానుగ చెన్నయ్య కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. నేనూ నమ్మాను. ఆయన అందించే ఆకువక్క తీసుకోవడం మానేశాను. పదహారేళ్ల స్నేహం కాబట్టి అంతకన్నా గట్టిగా కోపం చూపడం నాకు చేతకాలేదు.

శుక్రవారం పటేలు స్టేషనుకు వచ్చి, ఇంజను వైపు వీపు పెట్టి కూర్చోమని ఇద్దరికీ పదేపదే చెప్పి మరీ రైలెక్కించాడు. సత్తెమ్మ ఆయన వంకైనా చూడలేదు.

తర్వాతి ఏడు వానలు పడ్డాయి. పటేలు తన ఎడ్లను తన పొలానికి కాకుండా ముందు ఈరన్న చెలకకు తోలాడు. అందులో మట్టికన్నా రాళ్లెక్కువ. రోజంతా రాళ్లేరి గట్టున పోసేవాడు. సొంత చేనుకు అదను తప్పింది. జోగులమ్మ నడుముకు ఆముదం రాస్తూ ఆయన్ని తిట్టేది. ఆశ మనిషిని ఎంత పని చేయిస్తుందో చూడు అనుకున్నాను నేను.

జొన్న మోకాలెత్తయ్యాక పంటలు రాసుకోవడానికి పుస్తకం పట్టుకుని చేలమీదికి పోయాను. ఈరన్న చెలక గట్టున నిలబడి కలం తీశాను. ఆయనకు వినబడాలని పైకే చదువుతూ రాయబోయాను. "సాగు చేసినవాడు, తిమ్మారెడ్డి..."

కలుపు తీస్తున్న పటేలు నడుం పట్టుకుని లేచాడు. "ఏం రాస్తున్నవ్?"

"నీ పేరే."

"నా పేరెందుకు? ఈరన్న పేరు రాయి."

"ఈరన్న మలయాల ఉన్నడు గద పటేలా!"

"మనిషి ఉన్నడు. పేరు గూడ మలయా పోయిందా? ఈడ పేరు లేకుంటె వాడు యాడికని తిరిగొస్తడు పంతులూ? ఓడ తిప్పనీకి ఆ కంగాణికి చేతగాలేదు. మనకిదన్న చేతగావద్దా?"

నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. "ముందే చెప్తే ఏం పోయె?" అన్నాను.

"చెప్తె, చెలక మనదే గద అని వాల్లు పోకపోదురు. పోకపోతే ఏం తిందురు? నాకు తిట్లయితే పడ్డయ్ గని, వాల్లకు కూడయితే దొరికింది."

ఈరన్న పేరు రాశాను. నా జన్మలో అంత అందంగా ఏ పేరూ రాయలేదు. గట్టు దిగి, ఆయన సంచీలోంచి అడక్కుండానే ఆకువక్క తీసుకున్నాను.

ఆ ఏడే రబ్బరు ధర పడిపోయిందట. తోటలవాళ్లు చాలామందిని ఓడల్లో వెనక్కి పంపేశారు. మాకు కబురేమీ లేదు. జొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో ఓ పొద్దున నేనూ ఆ చెలక దగ్గరే ఉన్నాను. పటేలు మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతూ పిట్టల్ని తోలుతున్నాడు. దూరంగా చేను మధ్యలో రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఒక మగమనిషి, వెనక ఒక ఆడమనిషి. అతను ఒక కంకి వంచి విరిచి చూస్తున్నాడు.

రివ్వున రాయి పోయి రేకుపెట్టెకు ఖణేల్మని తగిలింది.

"ఎవడ్రా వాడు కంకి విరిచేటోడు? పట్టపగలు దొంగతనమా? అది ఈరన్న చేను!"

"నేనే ఈరన్నను పటేలా!"

వడిసెల జారి కింద పడింది. ఈరన్న మంచె దగ్గరికొచ్చి పెట్టె దించి, చేను ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. నేను చంకలోని పుస్తకం తెరిచి అతని పేరున్న చోటు చూపించి చదివి వినిపించాను. సత్తెమ్మ ఒక్క ఉదుటున వచ్చి మంచె దిగుతున్న పటేలు కాళ్లు పట్టుకోబోయింది. వెనకే ఈరన్న.

పటేలు గంతేసి పక్కకు తప్పుకున్నాడు. కళ్లు తుడుచుకోవడం మాకు కనబడకూడదని తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని గద్దించాడు.

"కాళ్లకు అటెన్క మొక్కుదురు గని, బిర్న మంచెక్కుండ్రి! మనం గిట్ల మాట్లాడుకుంట నిలవడ్డంక, అగో, ఆ పిట్టలు మీ జొన్నలు తింటున్నయ్!"