మా పెద్దనాయన దరువుకు పేరుంది

పెద్దనాయన పోయాడని పోయిన నెల ఒక పొద్దున కువైట్ మంగఫ్‌లో ఆయన రూములో వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. షువైఖ్ గోదాములో లారీ నుంచి సరుకు దించుతూ, రెండు నిమిషాలు కూర్చుంటానని పక్కతనికి చెప్పి గోడకు ఆనుకున్నాడట. మళ్లీ లేవలేదు. నేను పనిచేసే ఇంట్లో అప్పుడు బియ్యం కడుగుతున్నాను. కడిగిన బియ్యాన్నే మళ్లీ మళ్లీ కడుగుతున్నానని మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, చెబితేగానీ తెలియలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల వైపు, నాది రాయచోటి దగ్గర. పెద్దనాయనా అని నేను పిలిచాను, బిడ్డా అని ఆయన పలికాడు, అంతే. నాకు డప్పు నేర్పిన గురువు ఆయన. ఆడపిల్లకు డప్పెందుకని రూములో వాళ్లు ఎగతాళి చేస్తే, "చేతులున్నయి గదా, గది సాలు" అన్నాడట.

కబ్ద్‌లో ఒక తెలుగాయన కాపలా ఉండే తోటలో శుక్రవారం సెలవు దొరికిన వాళ్లమంతా చేరి డప్పు కొట్టి ఆడేవాళ్లం. కొట్టే ముందు డప్పును కాచాలి, లేకపోతే చర్మం బిగియదు. అక్కడ మంట వేయనివ్వరు కాబట్టి పెద్దనాయన దాన్ని లారీ బానెట్ మీద పెట్టేవాడు. "కువైట్ల మనకు ఫ్రీగ దొరికేది ఎండొక్కటే బిడ్డా, వాడుకుందాం" అనేవాడు. నా చేతిలో పుల్ల తప్పు పడితే తిట్టేవాడు కాదు. ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, గింజ ఉమ్మేదాకా మాట్లాడకుండా కూర్చునేవాడు. దానికన్నా రెండు తిట్లు తినడం నయం.

మా గ్రూపును నడిపింది ఒక డీజే. సౌండ్ బాక్సులు అతనివి, కారు అతనిది, వీడియోలు పెట్టే ఛానలూ అతనిదే. పెద్దనాయన దరువును ఫోన్‌లో రికార్డు చేసుకుని, మెషిన్ శబ్దాలు కలిపి, 'డెసర్ట్ బీట్' అని పాట వదిలాడు. మీరూ ఏ పెళ్లిలోనో దానికి ఆడే ఉంటారు. వీడియోలో పెద్దనాయన లేడు. మాకు భుజాల ఆట నేర్పిన ఇథియోపియా అమ్మాయిని మొత్తంగా కత్తిరించాడు. నా ముఖానికి ఫిల్టర్‌తో తెల్లరంగు పూశాడు, నన్ను మా అమ్మే గుర్తుపట్టలేదు. ఇదేమిటని అడిగితే నవ్వాడు.

"నల్ల మొహాలకు వ్యూస్ రావు. మాదిగ డప్పు అని పెడితే ఎవడు చూస్తాడు?"

పెద్దనాయన గొంతు పెంచలేదు. "దరువు తీసుకపోయినవు, మంచిది. పేరెందుకు ఇడిసిపెట్టినవ్? ఇది మాదిగ డప్పే. మా తాతది, మా నాయినది" అన్నాడు.

రిహార్సల్ అయ్యాక ఆడవాళ్లను ఇళ్ల దగ్గర దించేదీ ఆ డీజేనే. ఒక రోజు కావాలనే నన్ను చివర ఉంచి, కారులో నా మీద చేయి వేశాడు. సిగ్నల్ దగ్గర తలుపు తీసుకుని దిగి, ఎండలో ఇంటిదాకా నడిచాను. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. మామాకు తెలిస్తే శుక్రవారం గడప దాటనివ్వదు. ఊళ్లో తెలిస్తే వాళ్లేమంటారో మీకు చెప్పక్కర్లేదు. చివరికి పెద్దనాయనకు చెప్పాను. ఆ కారెందుకెక్కావని అడగలేదు. ఆ మాట అడగని మగవాణ్ణి నేను చూసింది ఆయన్నొక్కణ్ణే.

"నువ్వేం జెయ్యాలనుకుంటున్నవో జెప్పు బిడ్డా."

"అందరి ముందర చెప్పల్ల పెద్దనాయనా. కానీ నా మాట ఎవురింటారు?"

"ఇనేటట్టు నేను జేస్త."

సంగతి పెద్దనాయన దాకా వెళ్లిందని పసిగట్టి, విడిగా మాఫీ అడుగుతానని డీజే కబురు పంపాడు. "నలుగుర్ల నిలబడి అడగాలె. అంతకు తక్కువైతే ఒద్దు" అని పెద్దనాయన తిప్పి పంపాడు.

ఆయన తండ్రి ఊళ్లో చాటింపు వేసేవాడు. డప్పు కొట్టి, జనం ఆగాక, దొర కబురు వినిపించాలి. కూలి లేదు, వెట్టి. ఆ దరువు జన్మలో కొట్టనని పెద్దనాయన చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. నేను బతిమాలినా నేర్పలేదు. అలాంటి మనిషి, ఆ ఉగాది ఆటల్లో డీజే పాట మోగుతుండగా ముందుకొచ్చి చాటింపు దరువు ఎత్తుకున్నాడు. కడపవాళ్లూ ఆగారు, కరీంనగర్ వాళ్లూ ఆగారు. పల్లెలో పుట్టినవాళ్లు ఆ దరువుకు నోరు మూసి చెవి ఒగ్గుతారు. డీజే కూడా పల్లెవాడే, అలవాటుకొద్దీ చేయి పోయి వాల్యూమ్ తగ్గించేశాడు.

పెద్దనాయన డప్పు దించి, "చెప్పు బిడ్డా" అన్నాడు. చెప్పాను. నేను ముగించకముందే ఇంకో ఇద్దరు లేచి, తమ సంగతీ చెప్పారు.

గ్రూపు పరువు తీశానని నన్ను అన్నవాళ్లు తక్కువేం కాదు. "తీసినోడు గాడున్నడు, వాన్నడుగున్రి" అని ఆయన వేలెత్తి చూపించాడు. డీజే మాఫీ అడగలేదు. శుక్రవారాల్లో రావడం మాత్రం మానేశాడు. పెద్దనాయన ఒట్టు నాకోసం పోయింది. ఆ రుణం నాకు తెలుసు.

పెద్దనాయన శవపెట్టె ఊరికి వెళ్లిన మర్నాడే డీజే పోస్టర్ వేశాడు. కబ్ద్ తోటలోనే సంతాప సభట. పోస్టర్‌లో పెద్దనాయన తెల్లగా ఉన్నాడు. కింద 'డెసర్ట్ బీట్ కుటుంబ పెద్ద' అని రాశాడు. మేం వెళ్లకపోతే ఆయన గురించి మాట్లాడేది అతనొక్కడే అవుతాడని అందరం వెళ్లాం. అతను మైకు అందుకోగానే నేను లేచాను.

"ముందు మాఫీ అడుగు. ఆ తర్వాత మా పెద్దనాయన పేరెత్తు."

అతను మైకు పక్కన పెట్టి, ఆ పాటే పెట్టి, సౌండ్ పెంచాడు. మెషిన్ గోల కింద పెద్దనాయన చేతులు మోగుతూనే ఉన్నాయి. ఆ దరువు వింటూ కదలకుండా నిలబడటం ఎంత కష్టమో ఆడినవాళ్లకే తెలుసు. ఒళ్లంతా లేస్తోంది, ఏడుపూ వస్తోంది. పక్కకు చూశాను. ముప్పై మంది ఆడవాళ్లం, ఇథియోపియా అమ్మాయితో సహా, పాట చివరిదాకా ఒక్కరమూ ఆడలేదు. చెప్పుల్లోంచి కాలివేళ్లు ముడిచి ఇసుకను గట్టిగా పట్టుకుని నిలబడ్డాం.