బరువు తేలని జంట నక్షత్రాలు

మా ఫిజిక్స్ మేడం పోయారన్న కబురు మొన్న నేను క్లాసులో ఉండగా వచ్చింది. గుండెపోటు. వనపర్తి దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

ఖిల్లా ఘణపూర్ నుంచి రోజూ బస్సులో మా కాలేజీకి వచ్చేవారు. నేను ఆమె దగ్గరే డిగ్రీ చదివాను, తర్వాత ఆమె పక్క కుర్చీలోనే పాఠాలు చెప్పాను. ఫిజిక్స్ అంటే భయం పోగొట్టింది ఆమే. ఏ పాఠం మొదలుపెట్టినా జంట నక్షత్రాల దగ్గరికి వెళ్లిపోయేవారు. కొసలు సాగిన నిమ్మకాయలు రెండు తెచ్చి, ఒకదానికొకటి ఆనించి తిప్పేవారు. అంత దగ్గరగా తిరిగితే నక్షత్రాలు కూడా ఇట్లాగే సాగుతాయని చెప్పేవారు. మన కంటికి రెండూ కలిసి ఒక్క చుక్కే. ఒకటి అడ్డం వచ్చినప్పుడు వెలుగు తగ్గుతుంది. "గప్పుడే జర మంచిగ చూడాలె. దాని సంగతి గప్పుడే చెప్తది" అనేవారు.

తన పరిశోధనకు అలాంటి ఒక జంటను ఎంచుకున్నారు. వెలుగు హెచ్చుతగ్గులను బట్టి ఏది ఎంత పెద్దదో, ఏది ఎక్కువ వేడిదో పోల్చి తేల్చారు. అసలు బరువులు తెలియాలంటే మాత్రం అవి తిరిగే వేగం తెలియాలి. అందుకు పెద్ద టెలిస్కోపుతో వాటి వెలుగును రంగులుగా విడదీసి వర్ణపటం తీయాలి. ఏళ్ల తరబడి అడగ్గా, ఒక అబ్జర్వేటరీ వాళ్లు ఆమెకు కొన్ని రాత్రులు కేటాయించారు.

మా ప్రిన్సిపాల్ సెలవు ఇవ్వలేదు. సరిగ్గా ఆ రోజులకే పరీక్షల డ్యూటీ వేశారు. ఆమె బదులు నేను చేస్తానన్నా వినలేదు. చుక్కల బరువు తెలిస్తే పిల్లలకు మార్కులు పెరుగుతాయా అని నవ్వారు.

"నాకు తెల్వాలె సార్. గదే నా పని" అన్నారు మేడం.

ఆ అవకాశం మళ్లీ రాలేదు. థీసిస్ అక్కడే ఆగిపోయింది.

నిన్న సంతాపసభలో అదే ప్రిన్సిపాల్ మైకు అందుకుని, మేడం జ్యోతిషంలో ఎంతో కృషి చేశారనీ, ఏనాడూ డ్యూటీ తప్పలేదనీ మెచ్చుకున్నారు. నేను ఉండబట్టలేక లేచాను.

"జ్యోతిషం కాదు సార్. నక్షత్రాల బరువు తేల్చాలనుకున్నది మేడం. డ్యూటీ తప్పలే, నిజమే. మీరు తప్పనియ్యలే."

ఆయన మేడం ఫోటోకు వేసిన దండ సర్ది వెళ్లి కూర్చున్నారు. నాకేమీ ఊరట కలగలేదు.

మేడం టెలిస్కోపు దగ్గర ఉండాల్సిన ఆ పరీక్ష రోజే కళ్లముందు మెదులుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మేడం బెంచీల మధ్య తిరుగుతూ, ప్రతి కిటికీ దగ్గరా ఒక్క క్షణం ఆగి పైకి చూసి, మళ్లీ పిల్లల వైపు తిరుగుతున్నారు.