రిజిస్టరులో నేను చదవని సగం లైను

మా హిస్టరీ సార్ పోయారని మొన్న పొద్దున జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. చెప్పింది సార్ వాళ్లమ్మాయి. నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదని, చివర్లో ఎవరినీ గుర్తుపట్టలేదని అంది. నేనూ ఏదో అన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు రాలేదు. సార్ మీద నాకొక కోపం ఉండేది. అది ఇంకా పూర్తిగా పోలేదని అప్పుడు తెలిసింది. ఆ కోపాన్నీ, ఆయన చేసిన మేలునూ కలిపే చెప్పాలి. విడదీసి చెబితే అబద్ధమవుతుంది.

డిగ్రీలో మాకు చరిత్ర చెప్పింది ఆయనే. రాజుల మీద పెద్ద ప్రేమ లేదు. యుద్ధాలన్నీ పది నిమిషాల్లో కానిచ్చేసి తనకిష్టమైన చోటికి వెళ్లిపోయేవారు. అది ఆరేడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు. అక్కడి పాత చర్చి కాగితాలు పట్టుకుని మామూలు మనుషులు తాతముత్తాతలను ఎలా వెతుక్కుంటారో చెప్పే పుస్తకం ఒకటి ఎక్కడో జిరాక్స్ తీయించి తెచ్చుకున్నారు. ఒక పిల్లవాడికి బాప్తిస్మం ఎప్పుడైందో తేలకపోతే ఇరుగుపొరుగు వచ్చి సాక్ష్యం చెప్పేవారట. ఆ రోజే మా ఎద్దు చచ్చింది, అందుకే గుర్తని ఒకరు. ఆ రోజే నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నానని ఇంకొకరు. చెప్పి సార్ తనే నవ్వుకునేవారు. మేము మాత్రం ఇది పరీక్షలో వస్తుందా అని అడిగేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో కాలేజీలు మూతబడితే సార్ రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేవారు. ఒకరోజు మైకు ఆయన చేతికి వచ్చింది. "మన రాష్ట్రం మనకు గావాలె, మంచిదే. మీ అవ్వ తల్లి పేరేందో మీల ఎవ్వలకన్న ఎర్కేనా?" అని అడిగారు. కాసేపటికి మైకు వేరేవాళ్లు తీసుకున్నారు. ఆ ప్రశ్న నాకు గట్టిగానే గుచ్చుకుంది. మా బాపుకు కన్నతల్లి పేరే తెలియదు.

బాపు సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. క్రైస్తవ మిషన్ హాస్టల్లో పెరిగాడు. నాలుగేళ్ల వయసులో ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన చర్చి జగిత్యాల దగ్గరే ఉంది. నేను ఇంటర్ చదువుతుండగా నన్ను అక్కడికి తీసుకుపోయి రిజిస్టరు చదివించుకున్నాడు. అప్పటి మిషన్ తెల్లదొర చేతిరాత, ఇంగ్లీషు. తల్లిదండ్రులెవరో తెలియదు, పెంట కుప్ప మీద దొరికాడు అన్నంతవరకు చదివి చెప్పాను. బాపు ముఖం చూసి ఆగిపోయాను. చాలు బిడ్డా, పోదాం పా అన్నాడు. ఆ తర్వాత ఊరేదని ఎవరడిగినా, నన్ను పారేసిన్రు అని నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు చూడలేకపోయేదాన్ని.

ఇదంతా సార్‌కు చెప్పాను. ఆయన చర్చికి వెళ్లి ఆ లైను మొత్తం రాసుకొచ్చారు. నేను ఆపిన చోట అది ఆగలేదు. చేటలో ఉన్నాడు, పిడికెడు తౌడు ఇచ్చి కొన్నారు అని ఇంకా సగం ఉంది. మా వైపు ఈ ఆచారం తెలియనివాళ్లు ఉండరు. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి కాన్పులో పుట్టినవాణ్ని చేటలో పెట్టి పెంట మీద పడుకోబెడతారు. పొరుగింటామె ఎత్తుకుంటుంది. కన్నతల్లి తౌడిచ్చి కొనుక్కుంటుంది. పారేసినట్టు చేస్తే చావు కన్ను పడదని నమ్మకం. ఎవరో చెప్పింది దొర విన్నది విన్నట్టు రాసుకున్నాడు.

"దొరకు తెల్వది సరే. నీకు తెల్వదా? లైను సగంల ఎందుకు ఆగినవ్ బిడ్డా?" అన్నారు సార్. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటికే బాపు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. వెంటనే చెబుదామన్నాను. సార్ ఒప్పుకోలేదు. "ఇయ్యాల చెప్పి, రేపు గది తప్పని తేలితే ఆయన రొండుసార్లు అనాథైతడు. ఒక్క సాక్షిని దొరకనీ" అన్నారు. హాస్టల్ పాత కాగితాల్లో కలరా వచ్చిన యేడు పిల్లవాణ్ని కోరుట్ల నుంచి తెచ్చారని మాత్రం ఉంది. సార్ కోరుట్లలో గల్లీ గల్లీ తిరిగారు. ఆ కలరా, మా మాటలో గత్తర, వచ్చిన యేడు మీ ఇంట్లో ఏం జరిగిందని ముసలివాళ్లను అడిగారు. వారం అనుకున్నది నెల దాటింది. చివరికి ఒక ముస్లిం అవ్వ దొరికింది. కొత్త కోడలిగా వచ్చిన యేడు పక్కింటి రాజవ్వ కొడుకును పెంట మీంచి ఎత్తింది తనేనని చెప్పింది. నాలుగేళ్లకు రాజవ్వ, ఆమె మొగుడు గత్తరలో ఒకే వారంలో పోతే పిల్లవాణ్ని మిషన్ వాళ్లు తీసుకుపోయారట.

ఆమె చెప్పిన రోజు ఉద్యమ సమ్మెతో బస్సుల్లేవు. ఫోన్లో చెప్పే మాట కాదనుకుని సార్ స్కూటరు మీద బయల్దేరారు. దారి పొడుగునా రాస్తారోకోలు. ఆయన సిరిసిల్ల చేరేసరికి బాపును మట్టి చేసి ఒక రోజైంది.

మా గుమ్మం ముందు నిలబడి, జాగ్రత్త ఎక్కువ చేశానని, తప్పు తనదేనని అన్నారు. కాదని నేను అనలేదు. సగం తప్పు నాది కదా, ఆ మాట కూడా అనలేదు. ఆయన నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు.

బస్సులు మొదలయ్యాక మళ్లీ వచ్చారు. ఈసారి ఆ అవ్వను వెంటబెట్టుకుని వచ్చారు. బాపు సమాధి దగ్గరికి వెళ్లాం. అవ్వ నా చెయ్యి పట్టుకుని మొదలుపెట్టబోతే సార్ ఆపారు. నాకు కాదు, బాపుకు చెప్పమన్నారు.

అవ్వ మట్టి పక్కన కూర్చుంది. ఇంకా అణగని ఆ కుప్ప మీద చెయ్యి వేసింది. "నిన్నెవ్వలు పారెయ్యలే బేటా. నేనొచ్చి ఎత్తేదాక మీ అమ్మ గాడనే నిలవడ్డది. కుక్కలొస్తయని చేతుల కట్టె వట్టుకున్నది" అంది.

ఎండ మండిపోతోంది. సార్ భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులతో పట్టి అవ్వ నెత్తికి నీడ చేశారు. ఆమె చెప్పడం అయ్యేదాకా అలాగే కదలకుండా నిలబడ్డారు.