అమ్మ తుంటిలో సిమెంటు

మొన్న మోకాలి ఆపరేషనైన మర్నాడు పొద్దున్నే, నేను ఇంకా కళ్లు సరిగ్గా తెరవకముందే, ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మంచం దిగి నిలబడమంది. లోపల పెట్టిన సిమెంటు ఇంకా ఆరలేదేమో అన్నాను. ఆమె నవ్వి, అది మీకు కుట్లు వేయకముందే గట్టిపడిందమ్మా అంటూ వాకర్ ముందుకు జరిపింది. ఆ సంగతి నాకు ముప్పై ఏళ్ల కిందటే తెలుసు, తెలిసే అడిగాను. నిలబడగానే ఏడుపొచ్చింది. నొప్పికి అనుకుని పాపం ఆ పిల్ల మాత్ర ఇచ్చింది.

మా బాపు అచ్చంపేట చుట్టుపక్కల పేరున్న మేస్త్రి. ఆయన పోసిన స్లాబు కారిందన్న మాట నేనెన్నడూ వినలేదు. స్లాబు మీద మట్టితో మడులు కట్టి, ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలబెట్టి, అప్పటిదాకా కింది కర్రలు తీయనిచ్చేవాడు కాదు, ఇంటివాళ్లు గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకుని కూర్చున్నా సరే. ఆయన కట్టిన ఇళ్లన్నిటికీ ఇసుక తట్టలు మోసిన మనిషి మా అమ్మ.

తొంభైల మొదట్లో, నేను కొత్తగా బడిలో టీచరుగా చేరిన ఏడాది, అమ్మకు తుంటి నొప్పి మొదలైంది. అంతకు మూడేళ్ల ముందు రొమ్ములో గడ్డ తీసేశారు కాబట్టి ఆ పీడ వదిలిందనుకున్నాం. తట్టలు మోసిన నొప్పేలెమ్మని ఆముదం కాచి రుద్దాం. ఒకరోజు బియ్యం ఏరుతూ పీట మీది నుంచి లేవబోయి కూలబడింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు, పక్కనే ఉన్న నాకు వినబడింది. జారలేదు, తట్టుకోలేదు, లేవబోయింది, అంతే.

పట్నం దవాఖానలో ఎక్స్‌రే చూసిన డాక్టరు, రొమ్ములోని క్యాన్సరే ఎముకకు పాకిందని, తొడ ఎముక కూర్చునే గిన్నె లోపలికి కూలిపోయిందని చెప్పాడు. రోగం నయం కాదు గానీ, పాడైన ఎముకను గోకి తీసి, ఇనుప చువ్వలు దిగ్గొట్టి, సిమెంటు నింపి, కొత్త గిన్నె బిగిస్తే, ఉన్న నాలుగు నెలలూ లేచి తిరుగుతుందన్నాడు. చువ్వలు, సిమెంటు అన్న మాటలు వినగానే బాపు మొహం తేటపడింది. అన్ని రోజుల్లో ఆయనకు అర్థమైన మాటలు అవే. ఏ ఫికరూ లేకుండా వేలిముద్ర వేశాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, జ్వరం తగిలి అమ్మ వారం పాటు పడకనే ఉంది. ఇంటికి పంపే రోజు, బాపు జీపు మాట్లాడడానికి వెళ్లినప్పుడు, డాక్టరు నన్ను పక్కకు పిలిచి, సిమెంటు కుట్లు వేయకముందే గట్టిపడిందని, రేపటి నుంచే వాకర్ పట్టించి నిలబెట్టాలని, పడుకోబెడితే కాళ్లలో సత్తువ పోతుందని, ఆమెకు వృథా చేసేన్ని రోజులు లేవని చెప్పాడు. సరేనన్నాను.

జీపు కుదుపులకు సిమెంటు కదిలి ఉంటుందని బాపు దిగులు. ఇల్లు చేరగానే లెక్క మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

"ఇరవై ఒక్క దినాలు కదలనియ్యద్దు బిడ్డా. పచ్చి మీదున్నది."

నేను నోరు తెరవవలసింది అప్పుడే. తెరవలేదు. బాపు పనితనం మీద గురి ఒకవైపు, ఆ చప్పుడు మళ్లీ వినవలసి వస్తుందేమోనన్న భయం ఇంకోవైపు. ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఇంట్లో ఒక్క మాట చెప్పలేకపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆపరేషన్ తర్వాత అమ్మకు నొప్పి చాలావరకు తగ్గింది. అదే మరీ బాధ. రోజూ నేను బడికి బయలుదేరుతుంటే అడిగేది.

"జర వాకిట్లదాక నడిపియ్యి బిడ్డా. ఎండ పొడ తాకక ఎన్నొద్దులాయె."

రేపమ్మా, అనేదాన్ని. గోడ మీద బాపు గీసే బొగ్గు గీతలు పెరుగుతూ పోయాయి.

ఇరవై రెండో రోజు పొద్దున బాపు తలస్నానం చేసి, స్లాబు కర్రలు తీసేనాడు కొట్టినట్టే కొబ్బరికాయ కొట్టి, అమ్మను లేపి నిలబెట్టాడు. తుంటి ఆగింది. కాళ్లే ఆగలేదు. తొడలు కట్టెపుల్లలై పోయాయి. గడప దాకా కూడా రాలేక ఆయన చేతుల్లో వాలిపోయింది. ఆ తర్వాత రోగం వెన్నుకు పాకింది, అమ్మ మళ్లీ లేవలేదు. నెల తిరగకముందే పోయింది.

బూడిదలో మూడు చువ్వలు దొరికాయి. బాపు వాటిని తువ్వాలతో తుడిచి, పనిసంచిలో తాపీ పక్కన ఏళ్ల తరబడి దాచుకున్నాడు. ముసలితనంలో, మంచాన పడ్డాక, ఒకనాడు ఉన్నట్టుండి అడిగాడు.

"డాక్టరు ఎన్నొద్దులు పండుకోవెట్టుమన్నడు బిడ్డా?"

"ఇరవై ఒక్కటే అన్నడు బాపు."

తలాడించి, నిమ్మళంగా కళ్లు మూసుకున్నాడు. ఆ అబద్ధానికి మాత్రం నేను చింతించడం లేదు.

ఇప్పుడన్నీ మారాయి. మేముండే ఈ చౌటుప్పల్‌లో స్లాబు మీద మడులు కట్టేవాళ్లు కనబడరు. దవాఖానలో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ప్లాస్టిక్ ఎముక చూపించి, ఎప్పుడు నిలబెట్టాలో అందరికీ తెలుగులో చెబుతున్నారు. ఏ ఆడపిల్లా ఆ ఒక్క మాటను ఒంటరిగా మోయనక్కర లేదు. మంచిదే. నేను రోజూ పొద్దున వాకర్‌తో వాకిటి దాకా నడుస్తున్నాను. గడప దగ్గర పాదాల మీద ఎండ పడగానే ఆగిపోతాను. మోకాలు బాగుంది కదమ్మా, ఇంకేం భయం, నడవండి అంటుంది ఇంటికొచ్చి నడిపించే ఆ ఫిజియోథెరపీ పిల్ల.

అమ్మ అడిగింది ఈ నాలుగడుగులే.