శంకరప్ప సారు కోట్ల బలగం

శంకరప్ప సారు తనను తాను ఎప్పుడూ ‘మేము’ అనే చెప్పుకునేవాడు. గొప్ప కోసం కాదు, న్యాయం కోసం. మనిషి చర్మం మీద కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురముంటాయనీ, వాటిని వదిలేసి ‘నేను’ అనడం అన్యాయమనీ ఆయన వాదన. హిందూపురంలో ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి, రిటైరై, ధర్మవరం మగ్గాల వీధిలో నేతగాడు కేశవ పక్కింట్లో దిగాడు.

పెనుకొండ బస్సులో కండక్టరు ఎంతమందని అడిగితే, “కోట్లల్లో ఉండాము. అయినా ఒగ టికెట్టుతో సర్దుకుంటాంలేప్పా” అన్నాడట. ఆయన భార్య సరోజమ్మ మాత్రం ఆ బలగాన్ని పట్టించుకోలేదు. అందరికీ కలిపి రెండు సంగటి ముద్దలే వడ్డించేది.

అంతటితో ఆగితే కేశవకు పేచీ లేదు. ఈమధ్య సారు రోజూ పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి చేతులు కలపడం మొదలుపెట్టాడు. చెయ్యి కలిపితే ఈ బలగం ఆ ఇంటికీ, ఆ బలగం ఈ ఇంటికీ చుట్టపుచూపుగా పోతాయట. కేశవ చూస్తే అతిశుభ్రం మనిషి. సబ్బులమ్మే శ్రీరాములు అతను కనబడితే లేచి నిలబడేవాడు. ఒకరోజు సారును తప్పించుకుందామని కేశవ మగ్గం గుంటలో నక్కాడు. సారు వంగి అతని చెవి పట్టుకుని ఊపి, దాని వెనకాల జనాభా బాగుందని మెచ్చుకుని పోయాడు. ఆ పూట రెండుసార్లు తలస్నానమైంది.

ఇంతలో కేశవకు గండం వచ్చిపడింది. పెండ్లి చీరకు గడువు పది రోజులుండగా మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయింది. కొత్త పడుగు వేల పోగుల్ని పాతవాటికి ఒక్కొక్కటే బూడిద అద్ది, మెలిపెట్టి అతకాలి. ఆ పనిలో వీధి చివరింటి నీలావతిని మించినవాళ్లు లేరు. కానీ ఆమె మెడమీద, చేతులమీద తెల్లమచ్చలు లేచాయి. అవి అంటుకుంటాయని రెండు నెలలుగా ఆమెను ఎవరూ పనికి పిలవడం లేదు. పొయ్యి వెలగడమే కష్టంగా ఉంది. ఆ మాట మొదట పుట్టించిన మేధావి ఎవరంటారా? కేశవే. అది తలుచుకుని ఇప్పటికీ తన చెంప తనే వాయించుకుంటాడు.

వేరే మనిషి కోసం ఊరంతా గాలించి, దొరక్క సరోజమ్మ దగ్గర వాపోయాడు. నీలావతిని పిలవమంది ఆమె. అంటుకుంటుందని కేశవ నసిగాడు.

“ఈయన పొద్దున్నే మొదట యాడికి పోతాడో ఎప్పుడన్నా చూసినావా కేశవా? నీలావతి ఇంటికి. ఆ యమ్మ చేతులు పట్టుకుని, ఆ చేత్తోనే నీ కాడికి వస్తాండాడు. రెండు నెల్లాయ.”

కేశవ ఇంటికి పరుగెత్తి, చొక్కా విప్పి, అద్దం ముందు ముందూ వెనకా వెతుక్కున్నాడు. మచ్చ కాదు గదా, ఒక పొక్కు కూడా లేదు. ఇన్నాళ్ల సబ్బు దండగైందని కాస్త నిరాశ కూడా కలిగింది.

తర్వాత సారే వివరం చెప్పాడు. అది శోభి. దాన్ని తెచ్చే బూజు అందరి ఒంటిమీదా ఊరకే పడుండేదే. కొందరి మీద చెమటకు రెచ్చిపోతుంది, అంతే, ఒకరి నుంచి ఒకరికి అంటదు. నీలావతిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయి మందు రాయించింది కూడా ఆయనే. ఈ మాట ముందే చెప్పొచ్చు కదా అన్నాడు కేశవ.

“ముప్పై ఏండ్లు చెప్పినాను, ఒగడూ వినలే. చెయ్యి పట్టుకుంటే యాడికి పోతారు? ఆ యమ్మ పేరెత్తితే ఆ యమ్మకు తలవంపులు. నాకు పిచ్చంటే ఎవురికీ నష్టం లేదు గదబ్బా.”

కేశవకు సిగ్గేసింది. ఆ పిచ్చి మనిషి మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. తిన్నగా నీలావతి ఇంటికి పోయి, తప్పయిపోయిందని చెప్పి పిలుచుకొచ్చాడు. ఆమె బూడిద అందుకుని పడుగు ముందు కూర్చుంది. సాయం చేద్దామని కేశవ చెయ్యి పెట్టాడు. సబ్బుకు పగిలి గరుకెక్కిన ఆ వేళ్లకు పట్టు తగులుకుని పోగు లేచింది.

నీలావతి ఆ చేతుల్ని కాసేపు చూసింది.

“నువ్వు ముట్టుకోవద్దు కేశవన్నా. పడుగు పాడైపోతాది. రోంత దూరంగా కూసో.”

కేశవ లేచి గడప అవతల కూర్చున్నాడు. సారు వచ్చి పక్కన చేరి, పగిలిన ఆ చెయ్యి పట్టుకున్నాడు.