బావురుపిల్లికి దారి అడిగిన మనిషి

గన్నవరం దగ్గర రోడ్డు వెడల్పు చేసే పనిలో ఉన్నప్పుడు మా సూపర్‌వైజరు గారు, మేం హాజరు వేయించుకోకముందే, రోడ్డు కింది పాత తూము దగ్గర వంగి బురదలో అడుగుజాడలు వెతికేవారు. చేపల చెరువుల నుంచి కాలవగట్టు జమ్ములోకి చేపలు పట్టి తినే బావురుపిల్లి ఆ తూములోంచే దాటేది.

“రోడ్డెక్కిందంటే లారీ కింద పడుద్దండీ,” అని రోజంతా అదే మాట.

ఇంజనీరు గారు తూము పూడ్చమన్న రోజు మా సూపర్‌వైజరు గారు జేసీబీకి అడ్డం నిలబడ్డారు. “ఇంకో పైపు వేసేదాకా మట్టి పొయ్యనివ్వనండీ.”

ఇంజనీరు గారు విసుక్కుంటూనే పైపు వేయించారు.

తర్వాత వారం రోజులు బురదలో ఒక్క అడుగూ పడలేదు. ఆయన క్యారేజీ విప్పి, తినకుండానే మూసేసేవారు.

ఓ సాయంత్రం బావురుపిల్లి తన కూనను నోట కరుచుకుని ఆ పైపులోకి దూరింది. అవతలి వైపు జమ్ము కదిలేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు.