ఏసోబు నింపిచ్చిన సీసా

తొమ్మిదేళ్లుగా ఒక చిన్న సీసాను మోస్తున్నాను. ఎంతెంత బరువులో ఎత్తి పడేసినవాణ్ణి, దీన్ని మాత్రం దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కనుక మీకే చెబుతున్నాను.

చిలకలూరిపేటలో నేనూ ఏసోబూ ఒకే జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసేవాళ్లం. సాయంత్రాలు ఒకే షెడ్డులో వెయిట్‌లిఫ్టింగ్ సాధన. వాడు నాకంటే మెరుగు. ఈ మాట ఇంతవరకు ఎవరి దగ్గరా అనలేదు. రాష్ట్ర పోటీల్లో మొదట వచ్చినవాడికి స్పోర్ట్స్ కోటాలో ప్రభుత్వ ఉద్యోగం. ఇద్దరం పోటీపడేది ఒకే బరువు తరగతిలో, ఉన్నది ఒకటే ఉద్యోగం.

బండలాగుడు పందేలకు ఎద్దుల్ని మేపే ఒకాయన మా ఊళ్లో ఉండేవాడు. ఆయన ఎద్దులకు బలం కోసం వేసే సూదే నేనూ వేయించుకున్నాను. ఎద్దుకు పట్టింది మనిషికి పట్టదా అనుకున్నాను. పట్టింది. రెండు నెలల్లో పదిహేను కిలోలు ఎక్కువ ఎత్తాను. వీపంతా మొటిమలు, ఊరికే కోపం, అయినా ఆ బలం ఎంత బాగుండేదో, అబద్ధమెందుకు, ఇప్పటికీ గుర్తే.

గెలిచినవాడికి మూత్రపరీక్ష ఉంటుందని పోటీ రోజు పొద్దున చెప్పారు. ఆ సూది మందు అందులో బయటపడుతుంది. ఏసోబును పక్కకు పిలిచాను.

"ఒరేయ్, మా నాన్నకి సుగర్ కదా. నాకూ ఉందని తేలితే ఉద్యోగం ఇవ్వరంట. నీది కాస్త పట్టియ్యరా."

"దీనికింత బతిమాలుకోవాలా ఏంట్రా? ఇటియ్యి సీసా," అని నవ్వాడు. "నేను గెలిస్తే మాత్రం పారబోసెయ్."

నేనే గెలిచాను, అయిదు కిలోల తేడాతో. బాత్‌రూములోకి నా వెంట ఎవరూ రాలేదు. వాడు ఓడిపోయింది నా చేతిలో, నేను బయటపడింది వాడి మూత్రంతో. వాడు చీమకుర్తి క్వారీలో రాళ్ల పనికి వెళ్లిపోయాడు.

నిజం చెప్పి అడిగితే ఇచ్చేవాడా? ఇచ్చేవాడేమో. ఆ ఆలోచన వచ్చినప్పుడే నామీద నాకు అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు మా డిపార్టుమెంటు జట్టుకు పరీక్షలు జరిగితే, బాత్‌రూము తలుపు తీయించి ఎదురుగా నిలబడేది నేనే. నన్ను దాటి ఎవడూ సీసా తీసుకెళ్లలేడు. ఎక్కడ దాస్తారో నాకు తెలుసు.

క్రిస్మస్‌కి ఏసోబు ఫోన్ చేస్తాడు. "సుగర్ ఎట్టా ఉందిరా?" అని అడుగుతాడు. నాకు పడదని కేకు మాత్రం పంపడు.

నాకు సుగర్ లేదు. ఎప్పుడూ లేదు. వాడికింకా చెప్పలేదు, కానీ ఇక్కడ రాశాను.